నిజాం పేరున్న ఓడ

కట్టెలు ఇంకో రెండు ఎయ్యుండ్రి పిల్లలు, ముచ్చట పొడుగున్నది. నిన్న బళ్ళె సారు యుద్ధ ఓడల పాఠం చెప్తుంటే, నల్గొండోళ్ళకు సముద్రం ముచ్చటెందుకని మీరు నవ్వుకున్నరట గద. నవ్వుండ్రి. మన మూసి పొయ్యి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది, కృష్ణ పొయ్యి హంసలదీవి కాడ సముద్రంల కలుస్తది. మన నీళ్ళు ఎప్పటికెళ్ళో పోతనే ఉన్నయి. మనుషులే జెర ఆలిశెంగ పోయిన్రు. గట్ల పోయినోళ్ళల్ల మీ తాత ఒకడు.

నేను పోకముందే మన రాజు పేరు సముద్రం మీద తిరిగిందంటే నమ్ముతరా? నేను గూడ నమ్మలే. నేవీల చేరిన కొత్తల, ఇంగ్లీషోళ్ళ కాలం నించి కొలువు చేస్తున్న ఒక ముసలి చీఫ్ ఉండె మాకు. నీది ఏ ఊరని అడిగిండు. నల్గొండ అన్న. ఎవరికీ తెల్వకపాయె. హైదరాబాదు పక్కన అన్న. గప్పుడు ఆయన నవ్వి, “ఓహో, నిజాం ఓడ ఊరోనివా” అన్నడు. ఏందా ఓడ అని ఆయన ఎంబడి పడి అడిగిన, తర్వాత దొరికిన కాయితమల్ల సదివిన. గదే ఇయ్యాల మీకు చెప్త.

1940 జూలై 4 నాడు స్కాట్లండ్ దేశంల క్లైడ్‌బ్యాంక్ అనే ఊర్ల, జాన్ బ్రౌన్ కంపెనీ కార్ఖానల కట్టిన ఒక డిస్ట్రాయర్ నీళ్ళల్లకు దిగింది. దాని పేరు ‘నిజాం’. మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద పెట్టిందే. ఒడ్డు ఒక్క జానెడు లేని రాజ్యానికి, యుద్ధ ఓడ మీద పేరు!

డిస్ట్రాయర్ అంటే మస్తు పెద్ద ఓడ అనుకునేరు. కాదు. విమానాలు మోసే ఓడలు, పెద్ద పెద్ద తుపాకుల బ్యాటిల్‌షిప్‌లు, సరుకు ఓడల బారులు ఉంటయి గద, వాటి చుట్టు తిరిగి కాపలా కాసేది డిస్ట్రాయర్. నిజాం పొడుగు 356 అడుగులు. బరువు 1,690 టన్నులు. దాని టర్బైన్లకు 40,000 గుర్రాల బలం. ఉరికితే 36 నాట్లు, మన లెక్కల గంటకు 66 కిలోమీటర్ల పైమాటే. రేకు మాత్రం పల్చన. గుండు తగిలితే ఆపేటంత మందం ఉక్కు దానికి ఉండదు, ఉరికి తప్పించుకోవాలె. మీద 4.7 అంగుళాల తుపాకులు ఆరు, నడుమ టార్పెడో గొట్టాలు, ఎనుక జలాంతర్గాముల మీద పడేసే డెప్త్ చార్జీలు.

ఇంగ్లీషోడు ఈ ఓడలను ఎనిమిదింటికి ఒక జట్టు కట్టి, జట్టుకొక అక్షరం పెట్టేది. జే జట్టు, కే జట్టు, ఎన్ జట్టు, మూడింటికి నక్షా ఒక్కటే. అంతకుముందు ఓడలకు మూడేసి బాయిలర్లు, రెండేసి పొగగొట్టాలు ఉండె. వీటికి రెండే బాయిలర్లు పెట్టి ఒక్కటే గొట్టం నిలబెట్టిన్రు. గొట్టం ఒక్కటైతే మీద జాగ మిగుల్తది, తుపాకులు మంచిగ తిరుగుతయి. దూరం నించి చూసే శత్రువుకు ఓడ చిన్నగ అవుపడ్తది. నిజాం ఎన్ జట్టుది. నేపియర్, నెస్టర్, నార్మన్, నేపాల్, నిజాం, ఈ ఐదింటిని ఆస్ట్రేలియా వాళ్ళకు అప్పజెప్పిన్రు. రెండు డచ్చి వాళ్ళకు పోయినయి, ఒకటి పోలండ్ వాళ్ళకు. యుద్ధం నడిచినన్నాళ్ళు ఎన్ జట్టును నడిపింది గీ మూడు దేశాలోళ్ళే. నిజాం సంగతి చూడుండ్రి: కట్టింది స్కాట్లండోళ్ళు, మాలిక్ ఇంగ్లీషోడు, నడిపింది ఆస్ట్రేలియోళ్ళు, పేరు మన దొరది.

1941 మొదట్ల అది కొలువుకెక్కింది. గా ఏడు మే నెలల మధ్యధరా సముద్రంల క్రీట్ అనే దీవిని జర్మనోడు ఆకాశం నించి సిపాయిలను దింపి పట్టుకున్నడు. ఇంగ్లీషు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సిపాయిలు గుట్టలెక్కి దిగి, దక్కన ఒడ్డుకు స్ఫాకియా అనే చిన్న పల్లెకు చేరిన్రు. పగలు జర్మనోని విమానాలు తిరుగుతయి, ఓడ పోతే బతకదు. రాత్రి పొయ్యి, చీకట్ల సిపాయిలను ఎక్కించుకొని, తెల్లారేసరికి వీలైనంత దూరం రావాలె. మే నెల ఆఖరుకు నేపియర్, నిజాం రెండు పొయ్యి వెయ్యి మందికి పైగ ఎక్కించుకొని ఈజిప్టుల దించినయి. ఓడల సిబ్బంది పండుకునే జాగనే సరిపోదు. గా జాగల వందల మంది, కూసున్నోడు కూసున్నట్టు, నిలబడ్డోడు నిలబడ్డట్టు పోయిన్రు. గప్పటికే టోబ్రుక్ అనే ఊరు చుట్టుముట్టుల పడి ఉన్నది. దానికి రాత్రి పూట తిండి, మందుగుండు మోసింది గూడ గీ ఓడలే.

1942లో నిజాం హిందూ మహాసముద్రానికి వచ్చింది. గా ఏడే ఏప్రిల్ 6 నాడు జపానోని విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేసినయి. యుద్ధం తెలుగు గడ్డను ముట్టిన రోజది. తెలుగు రాజ్యం ఏలేటోని పేరున్న ఓడ గా రోజు తెలుగు ఒడ్డు దాపుల లేకపాయె. దాని తప్పు కాదు, హుకుం ఇచ్చేది లండన్. సెప్టెంబర్‌ల మడగాస్కర్ దిక్కు పొమ్మన్నరు, పోయింది. 1944 ఏప్రిల్ 19 నాడు సింహళంల ట్రింకోమలీ నించి పెద్ద దండు పొయ్యి సుమత్రాల సబాంగ్ రేవు మీద పడ్డది. గా దండుల నిజాం ఉండె. దాని తోటి ‘రోథర్‌హామ్’ అనే ఇంకో డిస్ట్రాయర్ ఉండె. గీ రోథర్‌హామ్ పేరు యాదిల పెట్టుకోండ్రి, దానితోని మనకు మస్తు పనున్నది.

శత్రువు చెయ్యలేని పని సముద్రం చేసింది. 1945 ఫిబ్రవరిల ఆస్ట్రేలియా నైరుతి మూల కేప్ లీవిన్ కాడ ఒక పెద్ద అల వచ్చి నిజాంను పక్కకు కొట్టింది. ఓడ ఒరిగి ఒరిగి కొద్దిల బోర్ల పడకుండ ఆగింది. పది మంది కొట్టుకపోయిన్రు. ఒక్కడు గూడ దొరకలే. అయినా ఓడ మళ్ళ లేసింది, పసిఫిక్ దాక పోయింది. 1945 సెప్టెంబర్ 2 నాడు టోక్యో రేవుల జపానోడు దస్తఖత్ పెడుతుంటే చుట్టు నిలబడ్డ ఓడలల్ల నిజాం ఒకటి. అక్టోబర్‌ల ఆస్ట్రేలియోళ్ళు దాన్ని ఇంగ్లీషోనికి వాపస్ ఇచ్చిన్రు.

గిదంత గాడ. ఈడ ఏం నడిచిందో చెప్పాలె గద. యుద్ధానికి నిజాం తన ఖజానా తలుపులు తెరిసి పెట్టిండు. ఇంగ్లీషోని విమానదళంల 110, 152, 253 నంబర్ల స్క్వాడ్రన్లకు హైదరాబాదు పేరే. 152 స్క్వాడ్రన్ ముద్ర మీద నిజాం దస్తార్ బొమ్మ వేసుకున్నరు. ఖజానల పైసలు ఆకాశం నించి పడయి. కల్లం కాడికెళ్ళే రావాలె. మా నాయిన చెప్పేది: యుద్ధం నడుమ లెవీ అని వచ్చింది. పట్వారి, గిర్దావరు కల్లంల దిగి, ఇంత పంటకు ఇంత అని వడ్లు కొలిపించుకొని సర్కారు ధరకు తోలుకపోయేది. దొర వడ్లు గడిల భద్రం. చిన్న రైతు మళ్ళ తిననీకి దుకాణంల కొనుక్కోవాలె. కిరసనాయిలు దొరకది, బట్ట దొరకది. మా నాయినమ్మ దీపం బుడ్డిల నూనె చూసి చూసి, పొద్దుమూకకముందే అందరికి అన్నం పెట్టి దీపం ఆర్పేదట. గా దినాలల్లనే మన జిల్లాల సంగం (ఆంధ్ర మహాసభను ఊర్లల్ల గట్లనే పిలిచేది) జోరందుకున్నది. 1944లో భువనగిరిల ఆంధ్ర మహాసభ జరిగింది. 1946 జూలై 4 నాడు కడివెండిల సంగపోడు దొడ్డి కొమరయ్య తుపాకి దెబ్బకు పడిపోయిండు. గప్పుడు కడివెండి మన నల్గొండ జిల్లానే.

తారీఖు చూసిన్రా? జూలై 4. నిజాం ఓడ నీళ్ళకు దిగింది గదే తారీఖు, ఆరేండ్ల ముందు. దానికీ దీనికీ సంబంధం ఏం లేదు. గని నాకు ఎప్పటికీ ఆ రెండు తారీఖులు కలిసే యాదికొస్తయి. ఓడ మీద ఒక పేరు, కడివెండి నేల మీద ఇంకో పేరు. గా 1946లనే, ఫిబ్రవరిల, బొంబాయి కాడ ఇంగ్లీషోడు నడిపే ఇండియా నేవీల మనోళ్ళు తిరగబడ్డరు. ‘తల్వార్’ అనే శిక్షణ కేంద్రంల మొదలై దేశమంత ఉన్న ఓడలకు అంటుకున్నది.

ఇంకొక చిత్రం ఇనుండ్రి. కే జట్టుల ‘కెల్లీ’ అని ఒక ఓడ, ‘కాశ్మీర్’ అని ఒక ఓడ. 1941 మే 23 నాడు క్రీట్ కాడ జర్మనోని విమానాలు ఒక్క పొద్దుల రెంటిని ముంచినయి. కెల్లీ కప్తాను నీళ్ళల్ల ఈది బతికిండు, ‘కిప్లింగ్’ అనే ఇంకో ఓడ వచ్చి తీసింది. గాయిన ఎవలు? లూయీ మౌంట్‌బాటెన్. ఆరేండ్లు తిరిగేసరికి ఢిల్లీల వైస్రాయి గద్దె ఎక్కిండు. ఆయన ముందట ఉన్న పెద్ద చిక్కులేంది? ఒకటి కాశ్మీర్, ఒకటి నిజాం. 1947 నవంబర్ 29 నాడు నిజాంతోని యథాతథ ఒప్పందం అయింది. మౌంట్‌బాటెన్ 1948 జూన్‌ల దేశం విడిచిపోయేదాక గూడ హైదరాబాదు ఎటూ తేలలే. సెప్టెంబర్ 13 నాడు ఇండియా ఫౌజు వచ్చింది. బెజవాడ దిక్కు నించి వచ్చినోళ్ళు మునగాల, సూర్యాపేట మీదికెళ్ళే వచ్చిన్రు. సెప్టెంబర్ 17కు నిజాం చేతులెత్తిండు. మా ఊరి బాట మీద మిలిటరీ ట్రక్కులు పోతుంటే మా నాయిన చెట్టు చాటున నిలబడి చూసిండట.

ఇగ రోథర్‌హామ్ కాడికొద్దాం. యుద్ధం మొదలుకాంగనే ఇంగ్లీషోనికి డిస్ట్రాయర్లు సరిపోలే. జే జట్టు ఓడలోలె ఖర్చు పెట్టి, జంట తుపాకులు అమర్చి కడ్తుంటే ఆలిశెం అయితుందని, అదే తీరు పొట్ట, అవే ఇంజన్లు ఉంచి, తుపాకులు తగ్గించి తొందర తొందరగ కట్టుడు పెట్టిన్రు. అక్షరాల వరుసన ఓ జట్టు, పీ జట్టు, క్యూ, ఆర్, ఎస్, టీ... గట్ల పద్నాలుగు జట్లు, 112 ఓడలు. ఆర్ జట్టుకు పెద్ద ఓడ రోథర్‌హామ్. దాన్ని కట్టింది గూడ క్లైడ్‌బ్యాంక్‌ల జాన్ బ్రౌన్ కార్ఖాననే. నిజాంను కట్టిన చేతులే దీన్ని కట్టినయి. 1942 మార్చిల నీళ్ళకు దిగింది. దీనికి ఒక్కొక్క తుపాకి చొప్పున నాలుగే తుపాకులు. ఇంకో మార్పు గూడ చేసిన్రు. అంతకుముందు ఆఫీసర్ల గదులు ఓడ ఎనుక తోక కాడ ఉండేవి. తుఫాన్ల రాత్రి పూట ముందరున్న బ్రిడ్జి కాడికి పోవాలంటే, అలలు దాటే మేడ మీది నించి నడవాలె. కొట్టుకపోయే భయం. ఆర్ జట్టుల ఆ గదులను ముందుకు జరిపిన్రు.

స్వరాజ్యం వచ్చినంక మన నేవీకి డిస్ట్రాయర్ అనేది ఒక్కటి లేకుండె. 1949లో ఆర్ జట్టుల మూడింటిని కొన్నరు. రోథర్‌హామ్ ‘రాజ్‌పుత్’ అయింది. రిడౌట్ ‘రంజిత్’ అయింది. రైడర్ ‘రాణా’ అయింది. మూడింటిని కలిపి 11వ డిస్ట్రాయర్ స్క్వాడ్రన్ అన్నరు. 1953లో ఇంకో మూడు చిన్నయి అరువు మీద వచ్చినయి. హంట్ తరగతివి. ఇంగ్లండ్‌ల నక్కల వేటకు పోయే జట్ల పేర్లు వాటికి ఉండె. మనోళ్ళు నదుల పేర్లు పెట్టుకున్నరు: గంగ, గోమతి, గోదావరి.

గోదావరి కథ ఇంటే మీకు నవ్వాలో ఏడ్వాలో తెల్వదు. ఇంగ్లీషోడు దాన్ని కట్టి ‘బెడేల్’ అని పేరు పెట్టిండు. 1942లో పోలండ్ నావికులకు ఇచ్చిండు. వాళ్ళ దేశం జర్మనోని చేతుల పడ్డది, నిలబడనీకి జాగ లేదు, ఓడనే వాళ్ళకు ఊరు. వాళ్ళు దానికి తమ దేశపు ఒక సీమ మనుషుల పేరు ‘ష్లోంజక్’ అని పెట్టుకున్నరు. 1942 ఆగస్టు 19 నాడు ఫ్రాన్స్ ఒడ్డున డియెప్ మీద పడ్డ దండుల గది ఉన్నది. కెనడా సిపాయిలు ఆ ఒడ్డున వందల మంది సచ్చిన్రు, నీళ్ళల్ల పడ్డోళ్ళను ఎత్తి తెచ్చిన ఓడలల్ల గిదొకటి. 1944 జూన్ 6 నాడు నార్మండీ ఒడ్డు కాడ గూడ తుపాకులు పేల్చింది. యుద్ధం ఒడిసినంక పోలండోళ్ళు దాన్ని వాపస్ ఇచ్చిన్రు. గటెనుక మన దగ్గరికొచ్చి భద్రాచలం కాడ పారే గోదారమ్మ పేరు పెట్టుకున్నది. నిజాం ఓడ తెలుగోళ్ళ మొఖం చూడలే. పోలండ్ ఓడేమో తెలుగు నది పేరు మోసింది.

గా కాలంల ఆ నేవీకి పెద్ద దిక్కు ఎవలనుకున్నరు? 1958లో మొదటిసారి భారతీయుడు నేవీకి అధిపతి అయిండు. వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి, తెలుగింటి బిడ్డ. మన పోరగాళ్ళకు గా పేరు బళ్ళల్ల ఎందుకు చెప్పరో నాకు సమజు కాదు.

నేను స్టోకర్‌గ రంజిత్ మీద చేసిన. స్టోకర్ అంటే బాయిలర్ కాడ పనోడు. బొగ్గు కాదు, ఫర్నేస్ ఆయిల్. బాయిలర్ రూంలకు పోవాలంటే రెండు తలుపులుంటయి, నడుమ చిన్న అర్ర. ఒక తలుపు మూసినంకనే ఇంకోటి తెరవాలె. ఎందుకంటే లోపల ఫ్యాన్లు గాలిని దబాయించి నింపుతయి. ఆ ఒత్తిడితోనే మంట సక్కగ మండుతది. రెండు తలుపులు ఒక్కసారి తెరిస్తే గాలి బయటికి తన్నుకపోతది, మంట ఎనుకకు తిరిగి మన మొఖం మీదికి వస్తది. లోపల అడుగు పెట్టంగనే చెవులు బిర్రుగైతయి. ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 300 పౌండ్లు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకపోతది.

మా పనితనం అంత పొగల తెలుస్తది. ఈ నెగడు చూడుండ్రి: పచ్చి కట్టె ఏస్తే పొగ కమ్ముతది, గాలి తగిలి సక్కగ మండితే పొగనే అవుపడది. బాయిలర్ గూడ గంతే. నూనె ఎక్కువై గాలి తక్కువైతే గొట్టం నించి నల్ల పొగ లేస్తది. గాలి ఎక్కువైతే తెల్ల పొగ లేస్తది. రెండూ తప్పే. నల్ల పొగ లేస్తే ఇరవై మైళ్ళ అవతలి శత్రువుకు మన ఓడ జాడ దొరుకుతది. పై నించి గొట్టంల తిట్లు దిగేవి: “కింద ఎవడ్రా, ఇటుక బట్టి పెట్టిన్రా?” నూనె పిచికారి గొట్టాలను తుడిసి తుడిసి, గాలి తిప్పి, పొగ పల్చన చేసేదాక ఊపిరి ఆడనిచ్చేటోళ్ళు కాదు. పండుకోనీకి మంచాలు లేకుండె. కొక్కేలకు గుడ్డ ఉయ్యాలలు కట్టుకొని, అన్నం తినే బల్లల మీదనే పండుకునేది.

ఇగ 1971. పాకిస్తాన్‌తోని యుద్ధం వస్తదని అందరికి ఎరుకైంది. మన దగ్గర విమానాలు మోసే ఓడ ‘విక్రాంత్’ ఒక్కటే. దానిది ఒక బాయిలర్ పగుళ్ళు పడ్డది, పూర్తి జోరుగ ఉరకలేదు. దాన్ని ముంచనీకి పాకిస్తాన్ తన ‘ఘాజీ’ అనే జలాంతర్గామిని నవంబర్ 14 నాడు కరాచీ నించి తోలింది. అమెరికోడు ఇచ్చింది అది, దాని పాత పేరు డయాబ్లో. విశాఖల తూర్పు కమాండ్‌కు పెద్ద వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను అండమాన్ల దిక్కు దాచిపెట్టిండు. దాని బదులు ఎవల్ని ముందట పెట్టిండు? మన ముసలి రాజ్‌పుత్‌ను. గప్పటికే దాన్ని కొలువు నించి తప్పించాలని అనుకుంటున్నరు. దాన్ని విశాఖ నించి నూట అరవై మైళ్ళ దూరం పంపి, విక్రాంత్ మాట్లాడినట్టు వైర్‌లెస్‌ల ఎడతెగకుండ మాట్లాడమన్నరు. విశాఖల కాంట్రాక్టర్లకు బియ్యం, మాంసం, కూరగాయలకు పెద్ద పెద్ద ఆర్డర్లు పెట్టిన్రు, పెద్ద ఓడ వస్తుందని ఊరంత గుసగుస పోవాలెనని. విక్రాంత్ మీది ఒక నావికుడు తన తల్లి పాణం ఎట్లున్నదని అడిగినట్టు ఒక తంతిని గూడ అందరికి వినపడేటట్టు పంపిన్రు. గూఢచారి చెవికి గివన్ని చేరినయి.

డిసెంబర్ 3 రాత్రి. గా పని చేసి వాపస్ వచ్చిన రాజ్‌పుత్ రేవుల ఉన్నది. నడిజాము దగ్గర పడ్తుంటే రేవు దాటి బయటికి పొమ్మని హుకుం వచ్చింది. కప్తాను లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. దారి చూపే పైలట్‌ను దింపి, జోరు పెంచిన్రు. ముందట అర మైలు దూరంల నీళ్ళు కలబడ్డట్టు కనపడ్డది. జలాంతర్గామి మునుగుతున్నదేమోనని ఆ జాగ మీదికి ఓడను ఉరికించి, రెండు డెప్త్ చార్జీలు వదిలిన్రు.

డెప్త్ చార్జీ అంటే ఏంటిదో చెప్త. నూనె డ్రమ్ము తీరు ఇనుప పీపా, నిండ మందుగుండు, రెండు క్వింటాళ్ళకు జెర తక్కువ బరువు. దాని కొసకు ఒక పిస్తోలు అనే సాధనం ఉంటది. ఇన్ని అడుగుల లోతుకు పోంగనే పేలాలెనని దాన్ని ముందే తిప్పి పెట్టాలె. నీళ్ళ బరువు పెరిగి పెరిగి, ఆ లోతు కాడ సూది గుద్దుతది, పేలుతది. ఓడ తోక కాడ పట్టాల మీద ఇవి వరుసగ ఉంటయి, మీట ఒత్తితే ఒక్కొక్కటి దొర్లి నీళ్ళల్ల పడ్తది. పడేసినంక ఓడ ఆగొద్దు. ఆగితే దాని దెబ్బ మన తోకకే తగుల్తది. లోతు తక్కువున్న రేవు మొఖం కాడ ఇది పెద్ద గండం. కింద స్టోకర్లు ఆ క్షణంల ఎంత ఆవిరి ఇయ్యాల్నో అంత ఇస్తనే ఉండాలె.

నేను ఆ రాత్రి ఒడ్డున బ్యారక్‌ల ఉన్న. పన్నెండు దాటి పావుగంట అయింది. ఇందిరమ్మ రేడియోల దేశంతోని మాట్లాడే యాళ్ళ. ఒక్కసారి భూమి కదిలినట్టయింది. కిటికీ అద్దాలు దడదడలాడినయి. రేవు మీద బాంబు పడ్డదనుకొని మేము చొక్కాలు గూడ తొడుక్కోకుండ బయటికి ఉరికినం. తెల్లారినంక చేపలు పట్టేటోళ్ళు నీళ్ళ మీద తేలిన వస్తువులు తెచ్చిచ్చిన్రు. డైవర్లు దిగి చూసి, అది ఘాజీ అని తేల్చిన్రు. దానిల తొంభై మందికి పైగ మనుషులు. ఒక్కడు గూడ బయటపడలే. దాని శవం ఇప్పటికీ విశాఖ రేవు బయట అడుగున పడి ఉన్నది.

రాజ్‌పుత్ డెప్త్ చార్జీలే ముంచినయి అని మన నేవీ అంటది. లోపల మందుపాతరలు పేలినయనో, తాము పరిచిన పాతర తమకే తగిలిందనో పాకిస్తానోళ్ళు అంటరు. ఈ కొట్లాట యాభై ఏండ్ల నించి నడుస్తనే ఉన్నది. నేను చెప్పేది ఒక్కటే: ఘాజీ విశాఖ ముంగట కాపు కాసింది విక్రాంత్ ఆడున్నదని నమ్మే. ఆ నమ్మకం పుట్టించింది గా ముసలి రాజ్‌పుత్. విక్రాంత్ బతికింది, దాని విమానాలు పొయ్యి చిట్టగాంగ్ దిక్కు పని చేసినయి. సముద్రంల సచ్చిన పాకిస్తాన్ నావికులకు గూడ తల్లులుంటరు బిడ్డా, గది గూడ మర్వొద్దు.

ఎటెటు పోయినయో గూడ చెప్పాలె. నిజాం ఓడను 1955లో ముక్కలు చేసి తుక్కుకు అమ్మిన్రు. మరుసటేడు నవంబర్ 1 నాడు హైదరాబాదు రాష్ట్రం గూడ లేకుండ పోయింది. రాజ్‌పుత్‌ను 1976లో కొలువు నించి తీసేసిన్రు. 1980లో సోవియట్ నించి వచ్చిన కొత్త డిస్ట్రాయర్‌కు మళ్ళ రాజ్‌పుత్ అనే పేరే పెట్టిన్రు. దాని జెండ 2021 మే 21 నాడు విశాఖలనే దించిన్రు.

మీరు విశాఖ పోతే ఒడ్డు మీదున్న జలాంతర్గామి ఎక్కి ఫొటోలు దిగి వస్తరు. బీచ్ రోడ్డు మీదనే ‘విక్టరీ ఎట్ సీ’ అని 1971 యుద్ధానికి కట్టిన స్మారకం ఉంటది. దాని కాడ గూడ ఆగుండ్రి. ఆడ రాజ్‌పుత్ సంగతి ఎవలన్న అడిగితే చెప్పనీకి మీకు ఇప్పుడు తెలుసు.

నా మాట ఇనుండ్రి. ఓడ మీద ఎవల పేరు రాసున్నదో చూసి మురువొద్దు. ఎవలు నడిపిన్రు, ఎవల ఒడ్డును కాసింది, ఈ రెండే అడగాలె. నిజాం మంచి ఓడ, దాన్ని నడిపిన ఆస్ట్రేలియోళ్ళు మొగోళ్ళు, అనుమానం లేదు. గని ఆ రెండు అడుగుళ్ళల్ల మనకు జాగ లేదు. లెవీ కొలిసిన నల్గొండ రైతు ఆ ఓడను చూడలే, ఆ ఓడ ఆయనను చూడలే. రాజ్‌పుత్ పాతది, ఒకరు వాడి ఇడిసినది, తుపాకులు తక్కువది. అయినా మనోళ్ళు నడిపిన్రు, మన ఒడ్డును కాసింది. నన్నడిగితే మన ఓడ గదే.